నెల్లూరు నుంచి నేటాల్‌కు: ఆఫ్రికా వెళ్ళిన తెలుగు మిషనరీ కుటుంబం కథ

  ఈ రోజు ఎపిసోడ్‌లో చాలామంది అడుగుతున్న ఒక ప్రశ్న తీసుకుందాం. మిషనరీ అనగానే మన కళ్ళముందు ఎవరు కనపడతారు? ఓడ దిగి వచ్చిన ఒక తెల్ల దొరగారు, పక్కన దొరసాని. అమెరికా నుంచి నెల్లూరుకి వచ్చారు, ఇంగ్లండు నుంచి మచిలీపట్నం వచ్చారు, ఇదే మనం విన్నది. మరి మన వైపు నుంచి ఎవరూ వెళ్ళలేదా? భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడ నుంచి ఆఫ్రికాకు వెళ్ళిన తెలుగువాళ్ళు లేరా?

ఉన్నారండి. ఇప్పుడు కాదు, 1903లోనే వెళ్ళారు. ఆయన పేరు జాన్ రంగయ్య. నెల్లూరు ప్రాంతంలోని తెలుగు బాప్టిస్టు సంఘాల తరఫున దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళారు. నేను మాట్లాడుతున్న ఈ తడ కూడా అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 2022లో కదా మనం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కాబట్టి ఇది ఎక్కడో దూరపు కథ కాదు, మన జిల్లా కథే.

అయితే రంగయ్యగారి గురించి చెప్పుకునే ముందు ఒక విషయం తెలియాలి. అసలు ఆఫ్రికాలో తెలుగు మాట వినాలనుకునే వాళ్ళు ఎలా వచ్చారు? అక్కడ ఎవరున్నారని ఈయన వెళ్ళారు?

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకి చేరింది. మద్రాసులో అక్టోబరులో బయలుదేరి, అయిదు వారాలు సముద్రం మీద ఉండి, 342 మందిని అక్కడ దించింది. నేటాల్‌లో చెరకు తోటలు వేశారు, కానీ పని చేయడానికి తగినంత మంది దొరకలేదు. అందుకని మన దేశం నుంచి ఒప్పందం మీద కూలీలను తీసుకెళ్ళారు. అయిదేళ్ళ అగ్రిమెంటు. ఆ అగ్రిమెంటు అన్న మాటే మనవాళ్ళ నోట్లో పడి ‘గిరిమిట్’ అయింది. 1911లో ఈ పద్ధతి ఆగిపోయే నాటికి మొత్తం లక్షా యాభై రెండు వేల మందికి పైగా అలా వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువ మంది మద్రాసులో ఓడ ఎక్కినవాళ్ళే. తమిళులు, తెలుగువాళ్ళు. నార్త్ ఆర్కాటు, విశాఖపట్నం, చెంగల్పట్టు జిల్లాల నుంచి చాలామంది ఉన్నారు. గమనించండి, చిత్తూరు జిల్లా అనేది 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు నార్త్ ఆర్కాటులో భాగం. అంటే ఆ లిస్టుల్లో నార్త్ ఆర్కాటు అని రాసి ఉంటే, అది మన చిత్తూరు వైపు పల్లె కూడా అయ్యుండొచ్చు.

జీతం ఎంత? మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు. తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు పెంచేవాళ్ళు. తిండి, ఉండటానికి చోటు ఇచ్చేవాళ్ళు. కానీ యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా తోట దాటి బయటకు వెళ్ళడానికి లేదు. ఈ చీటీ విషయం గుర్తు పెట్టుకోండి, ముందు మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు ఇటు నెల్లూరు వైపు చూద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరులో మిషను మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి పని చేసినా చేరినవాళ్ళు చాలా తక్కువ. ఆ మిషను మూసేద్దామా అని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగింది. ఒంటరి నక్షత్రం, అంటే ‘లోన్ స్టార్ మిషన్’ అనే పేరు అప్పుడు వచ్చిందే. తర్వాత జువెట్ దొర, ఒంగోలులో క్లౌ దొర వచ్చారు. 1876 నుంచి 1878 వరకు మహా కరువు వచ్చింది. జనం ఆకలికి చచ్చిపోతుంటే క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. మన తడ పక్కన పులికాట్ మీదుగా పోయే కాలువ ఉంది చూడండి, అదే కాలువ. కరువు పని అయిపోయాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువ మంది మాదిగ పల్లెల వాళ్ళు, రెక్కాడితే గాని డొక్కాడని వాళ్ళు.

ఇక్కడ రెండు కథలూ కలుస్తాయి. కరువు, అప్పు, పని లేకపోవడం, ఇవే మనవాళ్ళను ఓడ ఎక్కించాయి. అలా ఓడ ఎక్కినవాళ్ళలో కొంతమంది తెలుగు బాప్టిస్టులు కూడా ఉన్నారు. నేటాల్‌కు వెళ్ళాక వాళ్ళకేమైంది? అక్కడ చర్చీలు లేవని కాదండి. ఇంగ్లీషు చర్చీలున్నాయి. తమిళంలో ఆరాధన జరిగే చోట్లు కూడా ఉన్నాయి. కానీ పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా చెరకు కొట్టి వచ్చిన మనిషికి, అర్థం కాని భాషలో ప్రసంగం ఏం ఓదార్పు ఇస్తుంది? బిడ్డ పుట్టినా, పెద్దవాళ్ళు పోయినా ప్రార్థన తన భాషలో వినాలని ఉంటుంది కదా. అందుకని వాళ్ళు ఇళ్ళలో కూడుకుంటూ, తమ ఊళ్ళ వైపు కబురు పెట్టారు. మాకు తెలుగులో వాక్యం చెప్పే కాపరిని పంపండి అని.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఈ మిషనరీ ప్రయాణం ఒక పెద్ద ఆఫీసులో మ్యాపు ముందు పెట్టుకుని వేసిన ప్లాను కాదు. కూలీలు అడిగారు, ఇక్కడి పేద సంఘాలు పంపాయి. పంపింది అమెరికా బోర్డు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోం మిషన్ సొసైటీ. అరవై ఏళ్ళ కిందట తామే ఇతరుల డబ్బు మీద ఆధారపడ్డ సంఘాలు, ఇప్పుడు సముద్రం అవతలికి మనిషిని పంపాయి. ఆ 1903లోనే తిరునల్వేలిలో అజరయ్యగారు, ఆయన తోటివాళ్ళు కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి, ఆ తర్వాత మన తెలంగాణ దోర్నకల్ వైపు పనిచేయడం మొదలుపెట్టారు. అంటే మనవాళ్ళే మనవాళ్ళను పంపాలన్న ఆలోచన అప్పుడు గాలిలో ఉంది.

సరే, రంగయ్యగారు వెళ్ళారు. ఒంటరిగా కాదు, భార్యతో, పిల్లలతో వెళ్ళారు. 1899కే బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి పూర్తయింది. నెల్లూరులో రైలెక్కి మద్రాసు పోవాలంటే గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటాల్సిందే. మన స్టేషను దాటితే ఇంక తమిళ దేశం వచ్చేస్తుంది. ఇప్పుడైతే చెన్నైలో విమానం ఎక్కి, దుబాయ్‌లోనో ఆడిస్ అబాబాలోనో మారి, మర్నాటికి దక్షిణాఫ్రికాలో దిగొచ్చు. అప్పుడు వారాల తరబడి ఓడ ప్రయాణం. ఉత్తరం రాస్తే అదీ ఓడలోనే పోవాలి, జవాబూ ఓడలోనే రావాలి. ఇంటి దగ్గర ఎవరైనా పోయారంటే ఆ కబురు తెలిసే సరికి కర్మకాండలు కూడా అయిపోయి ఉంటాయి. పిల్లల్ని తీసుకుని ఆ దూరం వెళ్ళడం అంటే చిన్న నిర్ణయం కాదండి.

1903 డిసెంబరు 27న కియర్స్‌నీ అనే చోట మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. డర్బన్‌కు ఉత్తరాన, స్టాంగర్ ఊరికి పైన ఉంటుంది. అక్కడ హ్యులెట్ అనే ఆసామికి పెద్ద తేయాకు తోట ఉండేది, అందులో మనవాళ్ళు పనిచేసేవాళ్ళు. ఇందాక చీటీ సంగతి చెప్పాను కదా. ఇక్కడే ఆ చీటీ ముఖ్యమవుతుంది. కూలీ తోట దాటి రాలేడు. అంటే ఊళ్ళో గుడి కట్టుకుని, గంట కొట్టి, రండి అని కూర్చుంటే పని జరగదు. కాపరే తోట తోటకూ తిరగాలి. ఆదివారం ఒక్కటే వాళ్ళకు దొరికే రోజు. అందుకే ఆ సంఘాలు తోటల పక్కనే, కూలీల మధ్యనే పుట్టాయి.

ఇక ఆ కుటుంబాల పరిస్థితి చూడండి. 1895లో నేటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అగ్రిమెంటు ముగిశాక అక్కడే ఉండిపోవాలంటే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టాలి. మగవాళ్ళకే కాదు, ఆడవాళ్ళకూ వేశారు. తర్వాత పదహారు దాటిన కొడుకు, పదమూడు దాటిన కూతురు ఉన్నా కట్టాల్సి వచ్చింది. లెక్క వేసుకోండి. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి పన్నెండు పౌండ్లు. అగ్రిమెంటు జీతమేమో ఏడాదికి ఆరు పౌండ్లతో మొదలు. కట్టలేకపోతే మళ్ళీ అగ్రిమెంటులోకి పోవాలి, లేకపోతే ఓడెక్కి తిరిగి రావాలి. గాంధీగారు నడిపిన 1913 సమ్మె ప్రధానంగా ఈ పన్ను మీదే. చెరకు తోటల వాళ్ళు, బొగ్గు గనుల వాళ్ళు వేలమంది పని ఆపేశారు.

అదే 1913లో కేప్ కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు అక్కడి చట్టం ముందు చెల్లవన్నారు. అంటే ఒకే వరస ఇళ్ళలో చర్చిలో పెళ్ళయిన ఆమె భార్య, పక్కింట్లో తాళి కట్టించుకున్న ఆమె భార్య కాదు. ఆలోచించండి, అలాంటి చోట కాపరిగా ఉండటం ఎంత కష్టమో. తన సంఘం వాళ్ళకు చట్టం అండ ఉంది, పక్కింటి తెలుగు ఆడబిడ్డకు లేదు. 1914లో చట్టం మారింది, ఆ పన్నూ పోయింది, ఆ పెళ్ళిళ్ళకూ గుర్తింపు వచ్చింది.

రంగయ్యగారు 1915లో చనిపోయారు. పన్నెండేళ్ళ సేవ. కానీ కథ అక్కడ ఆగలేదు. ఆయన కొడుకు టి.ఎం. రంగయ్యగారు తర్వాతి కాలంలో నేటాల్‌లోనే కాపరిగా పనిచేశారు. ఒక్క మనిషిని పంపామనుకుంటాం గానీ, నిజానికి పంపేది కుటుంబాన్ని. పిల్లలు ఆ నేల మీద పెరిగితే, వాళ్ళకు ఇల్లు ఏది అనే ప్రశ్నకు జవాబు మారిపోతుంది.

మరి తెలుగు ఏమైంది? దాని కోసమే కదా కాపరిని అడిగింది. తెలుగువాళ్ళు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భాషను నిలబెట్టడానికి బాగా కష్టపడ్డారు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో గౌరవించాల్సిన భాషల వరసలో తెలుగు పేరు కూడా ఉంది. కానీ ఇళ్ళలో మాట ఇంగ్లీషుకు మారిపోయింది. బడి ఇంగ్లీషు, ఉద్యోగం ఇంగ్లీషు, మనవళ్ళకు తెలుగు ప్రసంగం అర్థం కాదు. ముత్తాత ఏ కారణంతో తెలుగు కాపరి కావాలన్నాడో, మునిమనవడు అదే కారణంతో ఇంగ్లీషు కాపరి కావాలంటాడు. ఇది తప్పు పట్టాల్సిన విషయం కాదండి, అర్థం చేసుకోవాల్సిన విషయం.

ఇప్పుడు మన వైపు నుంచి ఆఫ్రికాకు సేవకు వెళ్దామనుకునే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకు ఈ కథలో ఒక పాఠం ఉంది. రంగయ్యగారు వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు ఆయన్ను పిలిచారు, వాళ్ళ భాష ఆయన నోట్లో ఉంది. మీరు టాంజానియాకో మలావికో వెళ్తే ఆ రెండూ ఉండవు. అక్కడ మీరు రంగయ్యగారి లాంటివాళ్ళు కాదు, నెల్లూరు వచ్చిన డే దొర లాంటివాళ్ళు. జువెట్ దొర ఇక్కడ ఏళ్ళు ఏళ్ళు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు, తెలుగు బైబిలు సవరణలో పనిచేశారు. అలాగే మీరు స్వాహిలీయో చిచెవాయో నేర్చుకోవాలి. కాబట్టి వెళ్ళే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మమ్మల్ని అక్కడ ఎవరు అడిగారు? వాళ్ళ భాష నేర్చుకునే ఓపిక మాకుందా? పిల్లల చదువు, ఇక్కడున్న ముసలి అమ్మానాన్నల సంగతి ఎవరు చూస్తారు? అలాగే చాలా ఆఫ్రికా దేశాలకు వెళ్ళి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి. అది మర్చిపోతే తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.

చివరిగా ఒక మాట. నేటాల్ ఓడల లిస్టుల్లో ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసి ఉంటాయి. అక్కడి మనవళ్ళు ఆ ఊరి పేరు పట్టుకుని ఇక్కడికి వెతుక్కుంటూ వస్తున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా, ‘మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు’ అని చెబుతుంటే, ఆ పేరు, ఆ ఊరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి, తర్వాత అడుగుదామంటే చెప్పేవాళ్ళు ఉండరు.