సుంకపు నాకా పోయిన తరువాత: రాయపూర్ నగర ఆదాయం నేర్పే పాఠం

విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, తిత్లాగఢ్‌ల మీదుగా సాగే రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ మార్గం ముగిసే చోట ఉన్న నగరం రాయపూర్. నాటి నుండి ఉత్తరాంధ్ర జిల్లాలకు ఆ నగరంతో రాకపోకలు పెరిగాయి. ఎన్నో తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడగా రాయపూర్ దానికి రాజధాని అయింది. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనాభా పది లక్షలు దాటింది.

ఇంతటి నగరంలో ఖారూన్ నది నీటిని శుద్ధిచేసి ఇంటింటికీ అందించాలి; వీధులు ఊడ్చాలి; దీపాలు వెలిగించాలి; మురుగునీటిని ఊరి వెలుపలకు పంపాలి. ఈ పనులన్నీ నగరపాలక సంస్థ బాధ్యతలు. వీటికయ్యే ధనాన్ని ఎవరు వసూలు చేస్తారు? ఎంత వసూలు చేయాలో ఎవరు నిర్ణయిస్తారు? ఖర్చుకు జవాబుదారీ ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు దొరికే సమాధానాన్నే అర్థశాస్త్రజ్ఞులు ద్రవ్య వికేంద్రీకరణ అంటారు. రాయపూర్‌లో ఒక పన్ను నడిచిన చరిత్రను పరిశీలిస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది.

చుంగీ కాలం

రాయపూర్‌లో పురపాలక సంఘం 1867లో ఏర్పడింది. మన తీరాన భీమునిపట్నంలో అంతకు కొద్ది సంవత్సరాల ముందే, 1861లో, పురపాలన ప్రారంభమైంది. అయితే ఈ రెండు ప్రాంతాల పురపాలక ఆదాయ మార్గాలు వేరు. మద్రాసు రాజధానిలోని పట్టణాలు ప్రధానంగా ఇంటి పన్నులపైనా, వృత్తి పన్నుపైనా ఆధారపడేవి. రాయపూర్ అంతర్భాగమైన మధ్య పరగణాలలో మాత్రం ఆక్ట్రాయ్ సుంకానిదే అగ్రస్థానం. దానినే అక్కడి ప్రజలు 'చుంగీ' అని వ్యవహరించేవారు.

చుంగీ అంటే పట్టణంలో వాడకానికి, అమ్మకానికి బయటి నుండి వచ్చే సరుకుపై విధించే సుంకం. పొలిమేరలోని నాకా వద్ద బండిని ఆపి, సరుకును తూచి, సుంకం కట్టించుకుని లోపలికి విడిచేవారు. ఆ సొమ్ము నేరుగా పురపాలక ఖజానాకు చేరేది. పట్టణంలో వ్యాపారం పెరిగిన కొద్దీ ఖజానా కూడా నిండేది. పై ప్రభుత్వం గ్రాంటు విడుదల చేసేదాకా ఎదురుచూడవలసిన అవసరం ఉండేది కాదు.

అయితే ఈ పద్ధతిలో లోపాలు తక్కువేమీ కావు. లారీలు నాకాల వద్ద గంటల తరబడి నిలిచిపోయేవి. ధాన్యం, నూనె వంటి నిత్యావసర వస్తువులపై పడిన సుంకం చివరకు పేదవాని నెత్తిన పడేది. వసూలులో అవినీతికి ఆస్కారం ఎక్కువ. ప్రతి పట్టణమూ తన చుట్టూ గోడ కట్టుకున్నట్లుండడం వల్ల దేశంలో సరుకుల స్వేచ్ఛా రవాణాకు విఘాతం కలిగేది. అందుచేత ఆక్ట్రాయ్‌ని తొలగించాలన్న వాదం స్వాతంత్ర్యానంతరం బలపడింది. కాగా 1953లో జాన్ మథాయ్ అధ్యక్షతన ఏర్పడిన పన్నుల విచారణ సంఘం కొన్ని పన్నులను స్థానిక సంస్థల కోసమే ప్రత్యేకించాలని సిఫారసు చేసింది. ఈ రెండు ఆలోచనలలో మొదటిది కాలక్రమాన అమలు జరిగింది. రెండవది చాలావరకు కాగితాల మీదనే నిలిచిపోయింది.

పన్ను చేతులు మారిన విధం

అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1976లో ఆక్ట్రాయ్‌ని రద్దు చేసి, దాని స్థానంలో ప్రవేశ పన్నును ప్రవేశపెట్టింది. రాయపూర్ అప్పుడు ఆ రాష్ట్రంలో భాగం. కొత్త పన్ను కూడా స్థానిక ప్రాంతంలోకి వచ్చే సరుకుపై విధించేదే. కాని దానిని వసూలు చేసేది పురపాలక సంస్థ కాదు, రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ. నాకాలతో నిమిత్తం లేకుండా వర్తకుల లెక్కలను బట్టి వసూలు జరిగేది. పురపాలక సంస్థలు కోల్పోయిన ఆదాయానికి బదులుగా రాష్ట్ర ప్రభుత్వం పరిహారం చెల్లించసాగింది. 'చుంగీ క్షతిపూర్తి' అనే ఆ పద్దు, చుంగీ అంతరించి దశాబ్దాలు గడచిన తరువాత కూడా అక్కడి పురపాలక బడ్జెట్లలో కనిపిస్తూ వచ్చింది.

ఈ మార్పు వల్ల వర్తకునికి మేలు కలిగింది, ప్రయాణం సుగమమైంది. కాని నగరానికి, దాని ఆదాయానికి మధ్య గల సంబంధం తెగిపోయింది. పన్ను రేటుపై నగర సభ్యులకు అధికారం పోయింది. పరిహారం ఎంత, ఎప్పుడు అన్నది రాష్ట్ర రాజధానిలో జరిగే నిర్ణయమైంది. సంపాదించే ఇంటి యజమాని నెలవారీ భత్యం పుచ్చుకునే స్థితికి వచ్చినట్లయింది. భత్యం చాలినంతగానే ఉండవచ్చు. అయినా స్థితిలోని తేడా తేడాయే.

2000లో కొత్త రాష్ట్రం ఏర్పడిన తరువాత ఛత్తీస్‌గఢ్‌లోనూ ప్రవేశ పన్ను కొనసాగింది. అనంతరం 2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణ, సరుకుల ప్రవేశంపై పన్ను విధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చిన 52వ పద్దును రాష్ట్ర జాబితా నుండి తొలగించింది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రాగా ప్రవేశ పన్ను అందులో విలీనమైంది. ఈ విధంగా ఒకనాడు రాయపూర్ పొలిమేరలో పుట్టిన పన్ను మొదట రాష్ట్రానికి, తరువాత జాతీయ వ్యవస్థకు చేరింది.

ఒకే విపణి, రెండు రకాల హామీలు

కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు ఒకే విపణి ఏర్పడడం జాతీయ సమైక్యతా సాధనలో ఒక ముఖ్య ఘట్టమనడంలో సందేహం లేదు. పట్టణానికొక సుంకపు గేటు ఉన్న కాలానికి తిరిగి వెళ్ళాలని ఎవరూ కోరరు. అయితే ఈ ఏకీకరణకు మూల్యం చెల్లించినవారు ఎవరన్నది కూడా ఆలోచించాలి.

వస్తు సేవల పన్ను వల్ల రాష్ట్రాలకు కలిగే నష్టాన్ని అయిదు సంవత్సరాల పాటు భర్తీ చేస్తామని కేంద్ర చట్టం హామీ ఇచ్చింది. రాష్ట్ర ఆదాయం ఏటా 14 శాతం పెరుగుతుందని లెక్కగట్టి, తగ్గినంత మేరకు చెల్లించే ఏర్పాటు అది. స్థానిక సంస్థలకు ఆ చట్టంలో ఇటువంటి హామీ లేదు. పన్ను రేట్లను సిఫారసు చేసే వస్తు సేవల పన్ను మండలిలో కేంద్రానికి, రాష్ట్రాలకు స్థానం ఉంది. నగరాలకు, గ్రామ పంచాయతీలకు లేదు. మహారాష్ట్రలో పరిస్థితి కొంత భిన్నం. ముంబయి నగరంలో 2017 వరకు ఆక్ట్రాయ్ వసూలయ్యేది. దానిని రద్దు చేసినప్పుడు, స్థానిక సంస్థలకు పరిహారం చెల్లించడానికి ఆ రాష్ట్రం ప్రత్యేక చట్టమే చేసింది. దయతో ఇచ్చే గ్రాంటుకు, చట్టం ద్వారా సంక్రమించే హక్కుకు గల వ్యత్యాసం ఇక్కడ గమనింపదగినది.

రాజ్యాంగం ఆదేశించినది, అనుమతించినది

1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. పట్టణాల కోసం చేర్చిన పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలు, పంచాయతీల కోసం చేర్చిన పదకొండవ షెడ్యూలులో 29 అంశాలు ఉన్నాయి. ఈ సవరణల భాషను జాగ్రత్తగా చదివితే ఒక సంగతి బోధపడుతుంది. ఎన్నికలు నిర్ణీత కాలంలో జరిపించాలన్నది ఆదేశం. అయిదేళ్ళకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించాలన్నదీ ఆదేశమే. కాని ఏ అధికారాలు బదిలీ చేయాలి, ఏ పన్నులు అప్పగించాలి అన్న విషయాలలో శాసనసభలకు అనుమతి మాత్రమే ఉంది. అవి ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. అందువల్ల స్థానిక సంస్థలకు సభ్యులు ఎన్నికవుతున్నారు గాని, వారి చేతికి వచ్చే ధనం రాష్ట్రాన్ని బట్టి మారుతున్నది.

రాష్ట్ర ఆర్థిక సంఘాల విషయంలోనూ జాప్యం జరుగుతూ వచ్చింది. సంఘాలను సకాలంలో నియమించకపోవడం, నియమించినా నివేదికలపై చర్య తీసుకోకపోవడం అనేక రాష్ట్రాలలో కనిపించాయి. అందుకే 15వ ఆర్థిక సంఘం ఒక గడువు పెట్టింది. 2024 మార్చిలోగా రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించి, దాని సిఫారసులపై తీసుకున్న చర్యను శాసనసభ ముందుంచని రాష్ట్రానికి ఆ తరువాత స్థానిక గ్రాంటులు విడుదల చేయరాదని సూచించింది.

పై నుండి వచ్చే నిధులు

కేంద్ర ఆర్థిక సంఘాలు స్థానిక సంస్థల కోసం గ్రాంటులను సిఫారసు చేయడం 10వ సంఘంతో మొదలైంది. 2015-20 కాలానికి 14వ సంఘం సిఫారసు చేసిన మొత్తం 2,87,436 కోట్ల రూపాయలు. 2021-26 కాలానికి 15వ సంఘం దానిని 4,36,361 కోట్లకు పెంచింది. అందులో పట్టణాల వాటా 1,21,055 కోట్లు. పది లక్షలు దాటిన జనాభాగల నగర సముదాయాలకు ఒక ప్రత్యేక నిధిని ఏర్పరచి, వాయు కాలుష్య నివారణలోను, నీటి సరఫరా, పారిశుద్ధ్యాలలోను సాధించిన ప్రగతితో దానిని ముడిపెట్టింది. రాయపూర్ ఆ కోవకు చెందిన నగరమే.

ఇది గాక పథకాల ద్వారా వచ్చే ధనం ఉంది. స్మార్ట్ నగరాల పథకం క్రింద 2016 మే నెలలో ఎంపికైన 13 నగరాలలో రాయపూర్, వరంగల్ రెండూ ఉన్నాయి. ఈ పథకంలో ఒక్కొక్క నగరానికి కేంద్రం అయిదేళ్ళలో 500 కోట్ల రూపాయలు, దానికి సమానంగా రాష్ట్రం, నగరం కలిసి మరొక వాటా ఇవ్వాలని నిర్ణయించారు. అయితే పనులు చేపట్టినది నగర సభ కాదు. అందుకోసం నెలకొల్పిన ప్రత్యేక కంపెనీలు. పథకం 2025 మార్చిలో ముగిసింది. నిర్మించిన రహదారుల, ఉద్యానాల నిర్వహణ భారం మాత్రం నగరంపై శాశ్వతంగా నిలుస్తుంది. ఆ వ్యయానికి ఏటేటా ఆదాయం కావాలి.

చేతిలో మిగిలిన పన్ను

చుంగీ పోయిన తరువాత నగరపాలక సంస్థకు మిగిలిన ప్రధానమైన సొంత ఆదాయం ఆస్తి పన్ను. రాయపూర్‌లో దీనిని భవనపు వార్షిక అద్దె విలువ ఆధారంగా లెక్కిస్తారు. నగరం పెరిగి ఇళ్ళ విలువ హెచ్చినప్పుడు పన్ను కూడా పెరగడం న్యాయం. కాని రేట్ల సవరణ ఏ నగరంలోనైనా ఎన్నికైన సభ్యులకు అప్రియమైన పని. ఆక్ట్రాయ్ సరుకు ధరలో కలిసిపోయి పౌరునికి కనిపించేది కాదు. ఆస్తి పన్ను చీటీ ఇంటి గుమ్మానికే వస్తుంది. ఈ కష్టం ఎరిగే 15వ ఆర్థిక సంఘం, ఆస్తి పన్నుకు కనీస రేట్లను ప్రకటించి, వసూళ్ళను రాష్ట్ర ఉత్పత్తి పెరుగుదలతో సమానంగా పెంచాలని పట్టణ గ్రాంటులకు షరతు విధించింది.

మరొక పరిమితి కూడా ఉంది. రాజ్యాంగంలోని 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై రాష్ట్రాలు గాని, స్థానిక సంస్థలు గాని పన్ను వేయరాదు. రాయపూర్ ఆగ్నేయ మధ్య రైల్వేలో ఒక డివిజన్ కేంద్రం. అటువంటి నగరాలలో విస్తారమైన భూములు, భవనాలు ఈ మినహాయింపు క్రిందికి వస్తాయి. నగరం అందించే సేవలకు బదులుగా సేవా రుసుము చెల్లించే ఏర్పాటును సుప్రీంకోర్టు 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ వ్యాజ్యంలో నమోదు చేసింది. పన్ను మినహాయింపు ఉన్నా, వాడుకున్న నీటికీ వెలుగుకూ వెల కట్టాలన్నది అందులోని న్యాయం.

ఈ పరిమితుల ఫలితంగానే దేశంలోని నగరపాలక సంస్థల మొత్తం రాబడి 2023-24లో స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 0.6 శాతమని రిజర్వు బ్యాంకు 2024 నివేదిక అంచనా వేసింది.

సమత, స్వేచ్ఛ

అయితే ప్రతి పట్టణమూ తన కాళ్ళపై తానే నిలవాలనడం సమంజసమా? రాయపూర్‌లో ఆస్తి పన్ను వసూలుకు అవకాశం ఉంది. బస్తరు అడవుల నడుమ ఉన్న చిన్న పట్టణానికి ఆ అవకాశం స్వల్పం. అక్కడి బాలికకు కూడా మంచినీరు అందాలంటే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సాయం తప్పనిసరి. కనుక గ్రాంటులు ఉండవలసిందే. అవి సూత్రబద్ధంగా, ముందుగా తెలిసే విధంగా, సకాలంలో రావడం ముఖ్యం. ఫిలిప్పీన్స్ దేశం 1991 నాటి స్థానిక ప్రభుత్వ నియమావళి ద్వారా జాతీయ పన్నులలో 40 శాతాన్ని స్థానిక ప్రభుత్వాలకు కేటాయించి, దానిని యాంత్రికంగా విడుదల చేయాలని నిర్దేశించింది. ఆ వాటాను లెక్కించేటప్పుడు కొన్ని పన్నులను విడిచిపెట్టడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. వర్ధమాన దేశంలోనైనా స్థానిక సంస్థ వాటాను చట్టబద్ధమైన హక్కుగా నిలపడం సాధ్యమేనని దీనివల్ల తెలుస్తున్నది.

రాయపూర్ అనుభవం నేర్పేది ఇదే. పన్నును పై స్థాయికి తరలించడం తప్పు కాదు. చుంగీ విషయంలో అది అవసరం కూడా. కాని పన్నును తీసుకున్నప్పుడు దానికి బదులుగా నిశ్చితమైన వాటానో, సొంతంగా వాడుకోగల వేరొక పన్నునో ఇవ్వాలి. లేనిచో వీధి కొళాయిలో నీరు రాకపోతే పౌరుడు నగర సభ్యుని నిలదీస్తాడు. ఆయన రాష్ట్రాన్ని చూపుతాడు. రాష్ట్రం కేంద్రాన్ని చూపుతుంది. బాధ్యత ఎవరిదో తేలదు.

విద్యార్థులు తమ ఊరి పురపాలక సంఘం లేదా పంచాయతీ బడ్జెట్‌ను ఒకసారి తెప్పించుకుని చదవడం మంచిది. సొంత పన్నుల రాబడి ఎంత, గ్రాంటులు ఎంత, జీతాలు పోగా పనులకు మిగిలేది ఎంత అన్న మూడు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసుకుంటే, తమ ఊరికి నిజంగా ఎంత స్వపరిపాలన ఉన్నదో వారికే తెలుస్తుంది.