కుక్క చేష్టలు, పిలకాయల నవ్వులు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు తీరంలో కుక్క లేని వీధి కనిపించదు. మైపాడు, కోడూరు ఒడ్డున ఎండబెట్టిన చేపల దగ్గరా, రొయ్యల గుంటల గట్ల మీదా, పట్నంలో ఇళ్ల గేట్ల ముందూ పిలకాయలూ కుక్కలూ కలిసే పెరుగుతుంటారు. ఎండ్రకాయ బొరియలో మూతి దూర్చి తుమ్మే కుక్కను చూసినా, చెప్పు ఎత్తుకుపోయి మంచం కింద దాక్కునే కుక్కపిల్లను చూసినా ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వులో తప్పేమీ లేదు. కుక్క చేసే ప్రతి పనికీ మనిషి మనసును అంటగట్టడంలోనే చిక్కంతా ఉంది. ఆ అంచనా తప్పితే ముందు దెబ్బ తినేది పిల్లలే. రేబిస్ అనుమానం ఉన్న జంతువుల కాటుకు గురైనవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ల లోపువారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి కుక్క చేష్టల వెనకున్న కారణాలు తెలుసుకోవడం పిల్లల పెంపకంలో భాగం కావాలి.

అపోహ 1: తప్పు చేసిన కుక్క సిగ్గుతో తల దించుకుంటుంది.

వాస్తవం: ఎండుచేప మాయమైతే పెద్దలు గద్దిస్తారు. కుక్క చెవులు వెనక్కి వాల్చి, ఓరగా చూస్తూ నేలకు ఒదుగుతుంది. నేరం ఒప్పుకుందని అందరూ నవ్వుతారు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ ఈ నమ్మకాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. వద్దన్న తిండిని కుక్క తిన్నదో లేదో యజమానులకు ఒకసారి నిజం, ఒకసారి అబద్ధం చెప్పి చూశారు. తిన్నా తినకపోయినా, తిట్లు పడినప్పుడే కుక్కలు ఆ ముఖం పెట్టాయి. ఏ తప్పూ చేయని కుక్కలే తిట్లకు మరింతగా ఒదిగిపోయాయి. కుక్కకు సిగ్గు అనేదే లేదని దీంతో తేలలేదు. సిగ్గుకు గుర్తని మనం అనుకునేది మన గొంతు విని పుట్టిన బెదురని మాత్రం తేలింది. పెద్దలను చూసి పిల్లలూ వేలు చూపించి కుక్కను మూలకు తరిమి గద్దిస్తారు. పారిపోయే దారి లేని జంతువుకు ఇక మిగిలేది పళ్లే.

అపోహ 2: తోక ఊపితే సంతోషం, మొరిగే కుక్క కరవదు.

వాస్తవం: ఇటలీ పరిశోధకులు 2007లో 30 కుక్కల తోకలను పరిశీలించారు. యజమాని కనిపించినప్పుడు తోక కుడివైపుకు, పెత్తనం చూపే కొత్త కుక్క ఎదురైతే ఎడమవైపుకు ఎక్కువగా ఊగింది. తోక ఊగడానికి కారణం ఒక్కటే కాదన్నమాట. నడుము దగ్గర నుంచి ఒళ్లంతా వదులుగా కదిలితే అది ఆహ్వానం. ఒళ్లు బిగదీసి, తోక నిటారుగా లేపి కొస మాత్రం ఆడిస్తే అది హెచ్చరిక. మొరుగుడూ అంతే. దూరంగా ఉండమని కుక్క అడిగే పద్ధతుల్లో అదొకటి. అడిగినా వినకపోతే కరవడం దాని తర్వాతి మెట్టు. మనుషుల గురించి పుట్టిన సామెతను గుంటల గట్టు మీద గొలుసుతో కట్టిన కాపలా కుక్కకు వర్తింపజేయకూడదు.

అపోహ 3: ఎదురుగా ఉన్న ఎర్ర బంతిని కనిపెట్టలేని కుక్క మొద్దుది.

వాస్తవం: కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు విడిగా తెలియదు. 1989లో జే నీట్జ్ బృందం చేసిన ప్రయోగాలు ఈ సంగతి చూపాయి. ఇసుకలో పడిన ఎర్ర బంతి కుక్కకు ఇసుకలోనే కలిసిపోతుంది. అందుకే చుట్టూ తిరిగి వాసన పట్టి వెతుకుతుంది. అక్కడ నీలం బంతి వేస్తే ఆట సులువవుతుంది.

అపోహ 4: మన కుక్క బంగారం, పిలకాయలు ఏం చేసినా ఊరుకుంటుంది.

వాస్తవం: పిల్లాడు కుక్క మెడను వాటేసుకుంటే అది ఆవలిస్తుంది, పెదవులు నాక్కుంటుంది, ముఖం పక్కకు తిప్పుతుంది. చూసేవాళ్లకు అది వేడుక. కుక్కకు అది ఇబ్బంది. చిన్నపిల్లలు ఈ గుర్తులను పోల్చుకోలేరు. కుక్క పళ్లు బయటపెట్టిన ఫొటో చూపిస్తే నాలుగైదేళ్ల పిల్లల్లో చాలామంది నవ్వుతోందనుకుంటారని బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెర్‌స్టిన్ మైంట్స్ పరిశోధనల్లో తేలింది. చిన్నపిల్లలను కరిచేవాటిలో తెలిసిన కుక్కలే ఎక్కువ. తరతరాలుగా మన ఊళ్లలో పిల్లలు కుక్కలతోనే పెరిగారు కదా, ఇప్పుడే ఈ జాగ్రత్తలెందుకని అడిగేవారున్నారు. ఊరి కుక్కకు విసుగొస్తే లేచి వెళ్లిపోయే వీలుంది. దాని ఓర్పులో సగం ఆ స్వేచ్ఛదే. అపార్ట్‌మెంట్‌లో ఉన్న కుక్కకూ, గొలుసుకు కట్టిన కుక్కకూ ఆ దారి లేదు. ఆ దారిని మనమే కల్పించాలి.

అపోహ 5: ఇంటి కుక్కపిల్ల పంటిగాటుకు సూది అక్కర్లేదు; వేయిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారు.

వాస్తవం: రేబిస్ కుక్కపిల్లలకూ సోకుతుంది. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. సకాలంలో చికిత్స చేస్తే మాత్రం పూర్తిగా నివారించవచ్చు. పొట్టలో పొడిచే పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివరితోనే ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో సాధారణంగా చేతి పైభాగంలో, చర్మంలోకి టీకా ఇస్తారు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేయించుకుంటే చాలు. నెత్తురు వచ్చిన గాయమైతే చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. అన్నిటికంటే ముందు గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. తిడతారన్న భయంతో పిలకాయలు చిన్న గాటును దాచేస్తారు. దాచకుండా చెప్పే చనువు ఇంట్లో ఉంటే అదే మొదటి రక్షణ.

ఇన్ని జాగ్రత్తలు పడేకంటే పిల్లలను కుక్కలకు దూరంగా ఉంచితే పోదా అన్నది చివరి అభ్యంతరం. వీధిలోకి అడుగుపెట్టక తప్పని బిడ్డకు అది కుదరదు. ఇంటి కుక్క ముఖం చదవడం నేర్చుకున్న బిడ్డే వీధి కుక్క ముందు పరుగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా నిలబడగలదు. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను తాకకూడదని రెండేళ్ల వయసు నుంచే చెప్పాలి. చిన్నపిల్లలు కుక్కతో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. కుక్కకు మూడో నెలలో మొదలుపెట్టి ఏటా రేబిస్ టీకా వేయించాలి. ఈ పనులు చేసిన ఇంట్లో కుక్క చేష్టలకు ఎంత నవ్వుకున్నా భయం లేదు.