దారాలతో నిలిచే ఓడ

తెరచాప ఓడను మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. పొడవాటి స్తంభాలు ఉంటాయి. వాటికి అడ్డంగా కర్రలు. ఆ కర్రలకు వేలాడే పెద్ద పెద్ద గుడ్డలే తెరచాపలు. గాలి వాటిని నెడుతుంది, ఓడ కదులుతుంది. ఇంజన్లు రాకముందు దూరదేశాలకు పోయిన పెద్ద ఓడలు ఇలాంటివే.

అలాంటి ఓడలను చిన్నవిగా, కొయ్యతో చేసి అమ్ముతారు. మారిషస్ దేశంలో ఇది పేరున్న చేతిపని. హిందూ మహాసముద్రంలో ఆ దేశం ఒక చిన్న దీవి. అక్కడ ఈ పని 1960ల చివరలో మొదలయింది. చెక్కపని ఎక్కువగా మగవాళ్ళు చేస్తారు. తెరచాపలు కుట్టేది, తాళ్ళు కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. పెద్ద ఓడ ఒకటి తయారవడానికి వందల గంటలు పడుతుంది.

మారిషస్ మనకు కొత్త కాదు. 1834 నుంచి ఇంగ్లీషువాళ్ళు మన దేశం నుంచి కూలీలను అక్కడి చెరకు తోటలకు తీసుకుపోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గరున్న కోరంగి రేవులో కొందరు ఓడ ఎక్కారు. ఆ రోజుల్లో వాళ్ళు ఎక్కినవి తెరచాప ఓడలే. వారాల తరబడి నీళ్ళమీదే ఉన్నారు. వాళ్ళ పిల్లల పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు కూడా ఉంది.

సరే, ఇక తాళ్ళ సంగతి చూద్దాం.

ఓడకు ఇన్ని తాళ్ళు ఎందుకు? అందానికి కాదు. ప్రతి తాడుకూ ఒక పని ఉంది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో విక్టరీ అనే పాత యుద్ధనౌక ఉంది. దాన్ని 1765లో నీటిలోకి దింపారు. దానికి పట్టిన తాడు సుమారు 42 కిలోమీటర్లు! దాని నమూనాలు కూడా చేస్తారు. నమూనాలో తాడుకు బదులు దారం వాడతారు.

ఈ తాళ్ళు రెండు రకాలు. ఒక రకం కదలవు. అవి స్తంభాన్ని ముందుకూ వెనక్కూ పక్కలకూ పడిపోకుండా పట్టి ఉంచుతాయి. రెండో రకం కదులుతాయి. తెరచాపను పైకి లాగడానికి, దించడానికి, గాలివాటుకు తిప్పడానికి అవి పనికొస్తాయి. పాత ఓడల్లో కదలని తాళ్ళకు తారు పూసేవారు. అందుకే నమూనాలో వాటికి నల్ల దారం కడతారు. కదిలే తాళ్ళకు లేత గోధుమరంగు దారం. రంగు చూస్తే చాలు, ఏ తాడు ఏ పని చేస్తుందో తెలిసిపోతుంది.

ముందు దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా రెండు మూడుసార్లు లాగుతారు. అప్పుడు నూగు అణిగిపోతుంది. ముడి జారదు. చెప్పులు కుట్టేవాళ్ళు దారానికి మైనం రాయడం మీరు చూసి ఉంటారు. ఇదీ అంతే.

మొదట కదలని తాళ్ళు కట్టాలి. ఇక్కడే అసలు నేర్పు ఉంది. దండెం కట్టిన గుంజను ఒకే వైపు లాగితే ఏమవుతుంది? ఆ వైపుకు ఒరుగుతుంది. ఓడ స్తంభమూ అంతే. అందుకని కుడివైపు ఒక జత కడితే, వెంటనే ఎడమవైపు ఒక జత. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. ప్రతి జతకూ ఓడను ఎదురుగా పెట్టి, స్తంభం నిటారుగా ఉందో లేదో చూడాలి. అలా చూడకుండా అన్నీ ఒక వైపే కట్టేస్తే స్తంభం వంకరపోతుంది. తరువాత సరిచెయ్యాలంటే పైన కట్టినవన్నీ కోసెయ్యాలి. వారాల పని పోతుంది.

గట్టిగా లాగితే మంచిది కదా అనిపిస్తుంది. కాదు. తడిగాలి తగిలితే నూలు దారం ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు సన్నటి స్తంభం వంగుతుంది. వేలితో మీటితే కొంచెం ఆడేటట్టు ఉండాలి, వేలాడకూడదు. ఈ పాళం చెప్తే వచ్చేది కాదు, చెయ్యికి తెలియాలి.

స్తంభానికి రెండు పక్కలా దిగే తాళ్ళకు అడ్డంగా మెట్లలాగా సన్నదారాలు కడతారు. నిజం ఓడలో నావికులు వీటిమీద కాళ్ళు పెట్టి పైకి ఎక్కేవారు. మెట్టుకూ మెట్టుకూ మధ్య సుమారు జానెడున్నర. చిన్న నమూనాలో అది పెసరగింజంత! ఒక్కో మెట్టుకు ఎన్ని నిలువు తాళ్ళుంటే అన్ని ముళ్ళు. వెనకాల గీతలు గీసిన కాగితం పెట్టుకుని, ఆ గీతల వెంట కడతారు. ముడి బిగించేటప్పుడు అడ్డదారాన్ని లాగితే, నిలువు తాళ్ళు డమరుకంలా నడుము దగ్గర లోపలికి నొక్కుకుపోతాయి. పూలు కట్టే చేతులకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ముడి బిగియాలి, కాడ నలగకూడదు.

పని ఎంత సన్నంగా ఉందో చూశారా? అమ్మే ఓడకు చిన్న ఇత్తడి రేకు ఉంటుంది. దానిమీద ఓడ పేరు ఉంటుంది. వేలకొద్దీ ముళ్ళు వేసిన మనిషి పేరు కూడా ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది.

తెరచాపల గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచుతారు. తెల్లటి గుడ్డ కొంచెం మాసిన రంగుకు వస్తుంది. ఎండకూ వానకూ తిరిగిన ఓడలా కనిపిస్తుంది.

అడ్డకర్రలు, తెరచాపలు ఎక్కించాక కదిలే తాళ్ళు కడతారు. కిందివి ముందు, పైవి తరువాత. లోపలివి ముందు, బయటివి తరువాత. తలకిందులైతే లోపలికి వేలు కూడా దూరదు. అందుకే సన్నటి పట్టుకారు వాడతారు. ప్రతి ముడిమీదా ఒక చుక్క జిగురు వేస్తారు. అది ఆరాకే మిగిలిన కొస కోస్తారు. తొందరపడి ముందే కోస్తే ముడి విడిపోతుంది.

పూర్తయిన ఓడను గాజుపెట్టెలో పెడితే మంచిది. బయట ఉంటే తాళ్ళమీద దుమ్ము పడుతుంది. గుడ్డతో తుడిస్తే దారాలు తెగుతాయి. మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి మెల్లగా దులపాలి.