తిరిగే అచ్చులో తాగునీటి గొట్టం

తాగునీటి ఇనుప గొట్టం గోడలో గాలిబుడగ మిగిలితే, నీటి ఒత్తిడికి అక్కడ పగులు రావచ్చు. ఈ ముప్పును తగ్గించేదే అపకేంద్ర పోత విధానం. డక్టైల్ ఐరన్ గొట్టాలను ఈ విధంగానే తయారు చేస్తారు.

సుమారు 1,300 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి ఉన్న ఇనుమును, వేగంగా తిరిగే స్థూపాకార అచ్చులో పోస్తారు. బరువైన లోహం అచ్చు గోడకు అదుముకుంటుంది. తేలికైన మలినాలు, వాయువులు లోపలి వైపునకు చేరతాయి. గొట్టం పొడవునా బోలు దానంతటదే ఏర్పడుతుంది. పోసిన లోహం పరిమాణాన్ని బట్టి గోడ మందం ఉంటుంది.

వేగం చాలకపోతే లోహం అచ్చు పైభాగం నుంచి జారిపడుతుంది; మితిమీరితే పగుళ్లకు దారితీయవచ్చు. అనంతరం కొలిమిలో మళ్లీ వేడిచేసి పెళుసుదనాన్ని తొలగిస్తారు. ఆ తర్వాత గొట్టాన్ని నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాళహస్తి వద్ద ఇలాంటి గొట్టాల కర్మాగారం ఉంది.