కఫా: నల్ల సముద్ర తీరాన జెనోవా వర్తక స్థావరం

వలస స్థావరం అనగానే మీకు ఆక్రమణ, పరాయి పాలన గుర్తుకు రావచ్చు. మధ్యయుగాల సముద్ర వలసలన్నీ అలాంటివి కావు. ఇటలీలోని జెనోవా వర్తకులు 13వ శతాబ్ది ద్వితీయార్ధంలో క్రిమియా తీరాన కఫా రేవులో స్థిరపడ్డారు. వారు ఆ ప్రాంతాన్ని జయించలేదు. దాన్ని ఏలుతున్న మంగోలు ఖాన్‌ల అనుమతితో, సుంకాలు చెల్లిస్తూ వ్యాపారం చేశారు.

వర్తకం: గడ్డిమైదానాల ధాన్యం, తోళ్లు, మైనం, తూర్పు దేశాల పట్టు, సుగంధద్రవ్యాలు, పడమటి ఉన్నిబట్టలు ఇక్కడ చేతులు మారేవి.

సమాజం, భాష: పట్టణంలో జెనోవా వారితోపాటు గ్రీకులు, ఆర్మేనియన్లు, తాతార్లు, యూదులు నివసించారు. బేరం కుదరాలంటే ఎదుటివాడి మాట అర్థం కావాలి. లాటిన్, పర్షియన్, కుమాన్ పదాలను పక్కపక్కనే చూపిన ‘కోడెక్స్ కుమానికస్’ పదకోశం ఈ అవసరానికి నిదర్శనం. 1303 నాటి తేదీ ఉన్న ఈ గ్రంథంలో సరుకుల పేర్లు, వృత్తుల పేర్లు కనిపిస్తాయి.

బానిసలు: ఈ రేవులో మనుషులు కూడా సరుకే. గడ్డిమైదానాల నుంచి, కాకసస్ నుంచి తెచ్చిన బాలబాలికలను ఇటలీ నగరాలకు, ఈజిప్టుకు అమ్మేవారు. ఈజిప్టు మమ్లూకుల సైన్యం ఇలా కొన్న బాలురతోనే నిండేది.

1475లో ఆటోమన్ తురుష్కులు కఫాను స్వాధీనం చేసుకోవడంతో జెనోవా ఆధిపత్యం ముగిసింది.

‘సాంస్కృతిక వినిమయం’ గురించి జవాబు రాసేటప్పుడు రెండు కోణాలూ చూపండి: పదకోశం చేతబట్టి వచ్చినవారు కొందరు, సంకెళ్లతో వచ్చినవారు మరికొందరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కఫాను వలస రాజ్యం అనవచ్చా? కారణాలు తెలపండి.