థీసిస్ అప్‌లోడ్ చేస్తే భద్రమైనట్టేనా?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టాను పక్క నుంచి చూడండి. దాని నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి: ఎవరు చేశారు, ఏ ఏడు, ఏ రకం ఉక్కు. ఎన్నేళ్లకు పట్టా పగిలినా దాని పుట్టుపూర్వోత్తరాలు దాని మీదే దొరుకుతాయి. అదే ఊళ్లో ఉక్కు మీద పీహెచ్‌డీ చేసినవారి డిజిటల్ ప్రతికి అంత భరోసా ఉండటం లేదు.

భిలాయ్‌లో 2005లో ఏర్పడిన స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడైనా మరెక్కడైనా, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం డిగ్రీ ప్రకటించే ముందే విశ్వవిద్యాలయాలు థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానికి పంపాలి. ఆ సంస్థ నడిపే ‘శోధగంగ’లో లక్షలాది థీసిస్‌లు ఉన్నాయి. గొప్ప ఏర్పాటే. కానీ అక్కడ దాచేది మనం ఇచ్చిన ఫైలునే. అది లోపంతో వెళితే ఆ లోపమూ భద్రంగా ఉండిపోతుంది.

తెలుగు థీసిస్‌లనే తీసుకోండి. అను ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్ కంటికి చక్కగా కనిపిస్తుంది. ఒక పేరా కాపీ చేసి వేరే చోట పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చోబెట్టాయి మరి. ఆ పీడీఎఫ్‌లో ‘గురజాడ’ అని వెతికితే ఏమీ దొరకదు. యూనికోడ్‌లో టైపు చేసి, అసలు వర్డ్ ఫైలునూ దాచుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి.

ఉక్కు పరిశోధనలో చిక్కు ఇంకోలా ఉంటుంది. మైక్రోస్కోప్ చిత్రం థీసిస్‌లోకి కుదించుకుపోయి వస్తుంది. అసలుది ల్యాబ్ కంప్యూటర్‌లోనే మిగిలిపోతుంది. పరీక్ష రీడింగులు ఆ పరీక్ష చేసిన యంత్రం సాఫ్ట్‌వేర్‌కు తప్ప అర్థం కావు. వాటిని మామూలు టెక్స్ట్ రూపమైన సీఎస్‌వీగా మార్చి, ఏ కాలమ్ ఏమిటో, కొలమానాలేమిటో ఒక నోట్‌లో రాసి జతచేయాలి.

థీసిస్‌ను ఏ రకం ఫైలుగా దాస్తామన్నదీ ముఖ్యమే. 2005లో అంతర్జాతీయ ప్రమాణమైన పీడీఎఫ్/ఏ రకం ఫైలు తనకు కావలసిన ఫాంట్లను తనలోనే మోసుకెళ్తుంది. వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్లలో ఒక్క టిక్కు పెడితే చాలు. కానీ ఈ సంగతి ఎంతమంది పరిశోధకులకు చెప్పారు?

2019లో యూజీసీ పరిశోధనా నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును పీహెచ్‌డీ విద్యార్థులందరికీ తప్పనిసరి చేసింది. ఫైళ్లను కాపాడుకునే పాఠానికీ కోర్సు వర్క్‌లో చోటివ్వాలి. సబ్మిషన్ హడావుడిలో చెబితే లాభం లేదు. మొదటి సెమిస్టర్‌లోనే లైబ్రేరియన్ చేత చెప్పించాలి. పరిశోధకులారా, అప్పటిదాకా ఆగకండి. మీ ఫైళ్లకు ఇంకో రెండు కాపీలు తీసి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి.