తెరమీది పిలుపు, గడపలోని ఓటు

ఎన్నికల ప్రచారమున ఇంటర్నెట్టు వలన కలుగు ప్రయోజనమేమని అడిగినచో, అభ్యర్థి మాటను నలుదిక్కులకు చేరవేయుటయే యని పెక్కురు చెప్పుదురు. కాని ఆ సాధనము యొక్క అసలు బలము మాటను చాటుటయందు గాక, విన్నవానిని కార్యకర్తగా తీర్చుటయందే కలదని అమెరికాలో జరిగిన రెండు ప్రచారములు విశదము చేయుచున్నవి.

2003లో వెర్మాంట్ మాజీ గవర్నరు హోవర్డ్ డీన్ డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వమునకై పోటీ పడినపుడు, ఆయన ప్రచార సారథి జో ట్రిప్పి ‘మీటప్’ అను వెబ్‌సైటు ద్వారా ఊరూర అభిమానులను సమావేశపరచి, చిన్న చిన్న విరాళములనే వెల్లువగా రాబట్టెను. అయినను 2004 జనవరిలో అయోవా రాష్ట్రమున తొలి పరీక్ష ఎదురుకాగా డీన్ మూడవ స్థానమునకు దిగజారెను. నాటి అచటి పద్ధతిలో ఓటరు స్థానిక సభకు స్వయముగా పోయి, ఇరుగుపొరుగువారి యెదుటనే తన పక్షమును తెలుపవలసియుండెను. ఎక్కడెక్కడి అభిమానుల ఉత్సాహమో అట్టి సభలో చేయెత్తజాలదు గదా!

ఈ లోపమును పూరించినది బరాక్ ఒబామా 2008 నాటి ప్రచారము. ఫేస్‌బుక్ స్థాపకులలో నొకడైన క్రిస్ హ్యూస్ సహాయముతో రూపొందిన వారి వెబ్‌సైటు, అందు చేరినవానికి తన యింట సభ జరుపుటకును, ఓటర్ల ఫోను నంబర్లు పొంది వారితో మాటలాడుటకును, మిత్రులనుండి విరాళములు సేకరించుటకును వీలు కల్పించెను. ప్రచారము ముగియునాటికి వారి ఈమెయిలు పట్టికలో సుమారు 1 కోటి 30 లక్షల చిరునామాలుండెను.

ఆ పట్టిక ఊరక పెరుగలేదు. 2007 చివర వెబ్‌సైటు ముఖపత్రమునకు నాలుగు విధముల బటన్లను, చిత్రములు, వీడియోలు కలిపి ఆరింటిని జోడించి, 24 రూపములను సందర్శకులకు వేర్వేరుగా చూపి పరీక్షించిరి. సిబ్బంది మెచ్చిన వీడియోతో సహా వీడియోలన్నియు వెనుకబడగా, ఒబామా కుటుంబ చిత్రమును, ‘లర్న్ మోర్’ అను బటనును కలిగిన రూపము గెలిచెను, నూటికి 8.26గా నున్న చేరికలు 11.6కు పెరిగెను. స్వాభిప్రాయముకన్న ప్రజల ప్రవర్తనయే ప్రమాణమను వినయము వారికి ఫలించెను.

కావున ఇంటర్నెట్టును నమ్ముకొను అభ్యర్థి, తన సందేశము నెందరు చూచిరని లెక్కించుటతో తనివినొందక, అది చూచి ఎందరు కదలిరో విచారింపవలెను. చేరినవానికి ఒక వీధినో, పదిమంది ఓటర్లనో అప్పగించి, మరునాడు ఫలితము నడుగు ప్రచారమునకే ఆ తెర నిజముగా ఉపకరించును.